మృత్యువునకు సింహాసనము లేదు

యోబు ఒక్క దినముననే యెద్దులను, ఒంటెలను, పనివారిని, తుదకు పదిమంది బిడ్డలను బోగొట్టుకొనెను. అతడు పైవస్త్రము చింపుకొని, తల గొరిగించుకొని, నేలపై సాగిలబడి, తనకున్నదంతయు దేవునివలన వచ్చినదే యనియు, పోయినదియు దేవుని చేతిలోనికే పోయినదనియు జెప్పి దైవమును స్తుతించెను. ఆ మాట గొప్పది. పోయినవారు అతని బిడ్డలు గనుకనే అది గొప్పదైనది. తన నష్టమును గూర్చి తానాడిన మాట యది. అదే మాటను ఇతరుల నష్టమును గూర్చి యాడువారిని మన మెల్లరము చూచియే యున్నాము. వంతెన బాగుచేయుటకై సొమ్ము పుచ్చుకొని, బాగుచేయక, అది కూలి పదిమంది మునిగినపుడు దైవాజ్ఞ యనెడి కంట్రాక్టరు. పురిటినొప్పులు పడుచున్న కోడలిని మూడు దినములు మూలగదిలోనే యుంచి, నాల్గవ దినమున ఆమె కన్ను మూయగా ఆయువు తీరినదనెడి అత్తగారు. త్రాగునీటిలో మురుగు గలియుచున్నదని యెఱిగియు నూరకుండి, పసివారు వాంతిభేదులచే జచ్చిన పిమ్మట సంతాపసభలో దేవుని చిత్తమును గూర్చి గద్గదకంఠముతో నుపన్యసించెడి పురపాలక సభ్యుడు — వీరిలో నొక్కడును యోబు కాడు. యోబునకు బిడ్డలు పోయిరి. వీరికి బోయినదేమి?

బైబిలు మతమును వ్యాపింపజేయుటకు గాని ఖండించుటకు గాని నేనీ వ్యాసమునకు బూనుకొనలేదు. చావుపుట్టుకలు దేవుని చేతిలోనివని ఆ గ్రంథము చెప్పుచున్నది గనుక వానియెడ మానవప్రయత్నము వ్యర్థమనియు, ఒకవేళ పాపమనియు గూడ జెప్పెడి వాదమొకటి కలదు. దానిని ఆ గ్రంథము తోడనే కొట్టివేయవచ్చునని చూపుట మాత్రమే నా యుద్దేశము. ఆ వాదములో మొదటి సగము నిజము. రెండవ సగము ఆ గ్రంథములో లేదు.

నిజమైన సగమును దాచిపెట్టి వాదించుట న్యాయము కాదు. ద్వితీయోపదేశకాండము 32వ అధ్యాయమున చంపుటయు బ్రదికించుటయు దన పనులేయని దేవుడు చెప్పుకొనుచున్నాడు. సమూయేలు తల్లియగు హన్నా పాటలోను ఆ భావమే కలదు. నరుని దినములకు మేర యేర్పడియున్నదని యోబు గ్రంథము 14వ అధ్యాయమున జదువుదుము. మోషే ప్రార్థనయని పేరుగల 90వ కీర్తన మన యాయువును డెబ్బది యేండ్లనియు, బలమున్నచో నెనుబది యనియు లెక్కించి, మనుష్యులను ప్రొద్దుట మొలచి సాయంకాలమునకు వాడెడి గడ్డితో బోల్చుచున్నది. ఇంతకంటె స్పష్టముగా నేమి చెప్పవలయును? అయితే ఒక మాట యెవరికి బ్రత్యుత్తరముగా జెప్పబడినదో తెలియక దాని యర్థము తెలియదు.

1928వ సంవత్సరమున సిరియా సముద్రతీరమున నొక కర్షకుని నాగలికి పాత సమాధి రాయి యొకటి తగిలెను. మరుసటి యేట ఫ్రెంచి పండితులు దాని చేరువనున్న రాస్ షమ్రా దిబ్బను ద్రవ్వ మొదలిడి ఉగరితు అను ప్రాచీనపట్టణమును వెలికిదీసిరి. అక్కడ దొరకిన మట్టిపలకలు క్రీస్తునకు బూర్వము పదునాలుగు పదుమూడు శతాబ్దములవి. వానిలో మోతు అను దేవత కనబడుచున్నాడు. ఆ పేరునకు చావు అనియే యర్థము. హెబ్రీ భాషలో చావునకుగల పదమును దీనికి దోబుట్టువే. ఈ మోతు ఒక పెదవిని నేలకును మఱియొక పెదవిని నింగికిని జాచి, వాననిచ్చు దేవతయగు బయలును మ్రింగివేయును. బయలు సోదరియగు అనాతు మోతును కత్తితో జీల్చి, జల్లెడ బట్టి, నిప్పుల గాల్చి, తిరుగట విసరి పొలములో జల్లును. అయినను మోతు మరల వచ్చును. అతనికొక రాజ్యము కలదు, సింహాసనము కలదు, ఇతర దేవతలతో సమానమైన పౌరుషము కలదు.

ఇశ్రాయేలీయులు ఇట్టి కథలు చెప్పుకొనెడి వారి నడుమ గాపురముండినవారు. వారి ప్రవక్తలకు ఈ భాష తెలియును. చావు కిటికీలగుండ నెక్కి యిండ్లలో జొరబడినదని యిర్మీయా 9వ అధ్యాయమున నేడ్చెను. కాని యెషయా గ్రంథము 25వ అధ్యాయము చూడుడు: అక్కడ మ్రింగువాడు దేవుడు, మ్రింగబడునది చావు. పొరుగువారి కథ తలక్రిందులైనది. చంపుటయు బ్రదికించుటయు నావే యనుటలోని యుద్దేశము, చావు అనెడి మఱియొక దొరకు మీరు కప్పము గట్ట బనిలేదనుటయే. ఆ దొర లేనేలేడు. మనము యమధర్మరాజును, అతని దున్నపోతును, చిత్రగుప్తుని చిట్టాను ఎఱిగినవారము గనుక, ఈ గ్రంథమును జదువునపుడు మనకు దెలియకయే యెహోవాను యముని కుర్చీలో గూర్చుండబెట్టుచున్నాము. ఆ గ్రంథకర్తలు తీసివేసినది ఆ కుర్చీనే.

బైబిలులో చావును రాజని పిలిచిన చోటు లేదా యని చదువరు లడుగవచ్చును. కలదు. యోబు గ్రంథము 18వ అధ్యాయమున చావునకు భీకరుడైన రాజని పేరుపెట్టినవాడు బిల్దదు. బిల్దదెవడు? నొచ్చినవానిని ఓదార్పవచ్చి, నీ బిడ్డల చావునకు వారి పాపమే కారణమని సూచించిన స్నేహితుడు. 42వ అధ్యాయమున దేవుడు వానిమీదను వాని తోడివారిమీదను గోపించి, వారు తన్ను గూర్చి యుక్తముగా బలుకలేదని తీర్పు చెప్పెను. దేవుని పక్షమున వకాలతు పుచ్చుకొని దుఃఖితుని మీద వాదించినవారికే ఆ గ్రంథములో శిక్ష; దేవునితోనే పోట్లాడిన యోబునకు మెప్పు. కోడలి శవమువద్ద ఆయువు తీరినదని చెప్పు నత్తగారు ఈ తీర్పును మఱియొకసారి చదువుట మంచిది.

కొన్ని చావులను దేవుడే కలుగజేసెనని ఆ గ్రంథము తెల్లముగా జెప్పును. దానిని నేను గాదనను, తీయని మాటలతో గప్పిపుచ్చను. అయితే అట్టి చోట్ల ప్రవక్త యొకడు వచ్చి కారణము చెప్పును. ఊహించుటకు పొరుగువానికి సెలవు లేదు. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చినపుడు, వారు తక్కినవారికంటె నెక్కువ పాపులని తలచెదరా యని యేసు అడిగి, కాదని తానే యుత్తరము చెప్పెను. యెహెజ్కేలు 18వ అధ్యాయము మఱియు ముందునకు బోయి, చచ్చువాని చావువలన దేవునికి సంతోషము లేదని చాటుచున్నది. సంతోషము లేని పనిని నిత్యము తన చిత్తమని చెప్పుకొను వారిని జూచి ఆ దేవుడేమనుకొనునో!

ఇక ప్రయత్నము మాట. చంపుటయు బ్రదికించుటయు దేవునివేయని చెప్పిన ద్వితీయోపదేశకాండములోనే, పది యధ్యాయములకు ముందు, ఇల్లు కట్టువానికొక యాజ్ఞ కలదు. పాలస్తీనా దేశమున మిద్దెయిండ్లు వాడుక. వేసవిలో జనులు మిద్దెమీద గూర్చుందురు, పరుందురు, పంట నెండబెట్టుకొందురు. కొత్తయిల్లు కట్టినవాడు మిద్దెచుట్టును పిట్టగోడ కట్టవలయుననియు, కట్టనిచో, ఎవడైన బడి చచ్చినయెడల ఆ రక్తదోషము ఇంటికి దగులుననియు 22వ అధ్యాయము విధించుచున్నది. చదువరులారా, ఈ యాజ్ఞ యెంత చిన్నదో, ఎంత పెద్దదో చూడుడు. ప్రాణములు దేవుని చేతిలోనివే. అయినను పిట్టగోడ కట్టనివాడు దేవుని చాటున దాగుకొనరాదు. దేవుడు పట్టుకొనునులెమ్మని గోడ మానివేయుటకు వీలులేదు.

ఆ రెండును ఎట్లు పొసగునని తరువాతి యూదపండితులకే సందియము కలిగినది. తల్మూదులో షబ్బాతు అను భాగమున దీనికొక సమాధానమున్నది. రబ్బీ యిష్మాయేలు శిష్యులు ఆ వాక్యమును బట్టి పట్టి చదివిరి. ఇంకను బడనివానిని శాస్త్రము పడువాడని యేల పిలిచినది? సృష్టినాడే వానికి బడుట యేర్పడియుండవచ్చును. అయినను మేలు మంచివాని చేతిమీదుగను, కీడు దోషి చేతిమీదుగను సంభవించునని వారనిరి. అనగా, వాని విధి యేమైనను గానిమ్ము, నీ మిద్దెమీదనుండియే యేల పడవలయునని ప్రశ్న. విధివాదమును ఇంతకంటె చక్కగా దాని గోతిలోనే పూడ్చినవారిని నేనెఱుగను. నిర్గమకాండము 21వ అధ్యాయమున తోటివానిని గొట్టి మంచమెక్కించినవాడు వాని చికిత్సకయ్యెడి వ్యయమును భరింపవలయునని యుండగా, ఆ పండితులే దానినుండి వైద్యునికి వైద్యము చేయుటకు దైవమే సెలవిచ్చెనని గ్రహించిరి.

హిజ్కియా రాజు కథ మనవారందఱు చదువదగినది. అతడు పుండుతో మంచము పట్టియుండగా యెషయా ప్రవక్త వచ్చి, ఇల్లు చక్కబెట్టుకొనుము, నీవు చత్తువని దైవవాక్యముగనే చెప్పెను. ఇంతకు మించిన విధివ్రాత యేమున్నది? రాజు గోడవైపు ముఖము ద్రిప్పుకొని ప్రార్థించి యేడ్చెను. ప్రవక్త నడిమి యావరణము దాటకమునుపే మరల వాక్కు వచ్చినది: పదునైదేండ్ల యాయువు ఈయబడినది. అప్పుడు యెషయా చేసినదేమి? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను. దేవుడు స్వయముగా పదునైదేండ్లిచ్చిన పిమ్మట పండ్లముద్ద యెందులకని ఆ గ్రంథకర్తకు దోచనేలేదు. వరమును కట్టును అతనికి ఒకే పనిలోని రెండు చేతులు. (ఆ పదునైదేండ్లలో బుట్టిన కుమారుడే మనష్షే, ఆ కుమారుడు రాజై చేసిన దుర్మార్గములకు మేరలేదు. ఆయువు పెరిగినంతమాత్రమున మేలు జరుగునని గ్రంథము చెప్పలేదు. కాని అంజూరపు ముద్ద వేయుట తప్పనియు నెక్కడను జెప్పలేదు.)

దావీదు కథ ఇంతకంటె గఠినమైనది. తండ్రి పాపమునకు బిడ్డ చచ్చునని నాతాను తీర్పు చెప్పెను. ఆ తీర్పును సమర్థించుట నాకు జేతకాదు. దావీదు మాత్రము తీర్పు తెలిసిన పిమ్మట గూడ నూరకుండలేదు. అన్నము మాని, నేలబడి, ఏడు దినములు ఆ బిడ్డకొఱకు బెనగులాడెను. ఏడవనాడు బిడ్డ పోగా, లేచి, స్నానము చేసి, భోజనము చేసెను. సేవకులు విస్తుపోయిరి. బ్రదికియున్నంతవఱకు దయ గలుగునేమో యని పోరితిననియు, పోయిన పిమ్మట మరల రప్పింపజాలననియు నతడు చెప్పెను. ముందు పోరాటము, తరువాత శాంతి. మన యిండ్లలో ఈ వరుస తిరుగబడినది. రోగమున్నపుడు శాంతము వహించి, ప్రాణము పోయినపుడు రొమ్ము గ్రుద్దుకొందుము.

ప్రతిపక్షులకు గూడ నొక వాక్యము కలదు; అది బలమైనదే. రెండవ దినవృత్తాంతముల గ్రంథము 16వ అధ్యాయమున ఆసా రాజు పాదములలో రోగము పుట్టినపుడు దేవుని వెదకక వైద్యులను వెదకెనని నిందయున్నది. వైద్యము వలదనువారు దీనినే చూపుదురు. ముందున్న వాక్యములను వారు చూపరు. ఆ రాజు దేవాలయపు వెండిబంగారములను సిరియా రాజునకు లంచమిచ్చి యుద్ధము తప్పించుకొనెను; తప్పని చెప్పిన దీర్ఘదర్శిని సంకెళ్ల వేయించెను; జనులలో గొందఱిని హింసించెను. అట్టివాడు మంచము పట్టినపుడును మనసు మార్చుకొనలేదని గ్రంథకర్త చెప్పుచున్నాడు. నింద వైద్యులకు దగులునది కాదు, ఆసాకు దగులునది. క్రీస్తునకు బూర్వము రెండవ శతాబ్దపు మొదటి భాగమున యెరూషలేమునందు వ్రాసిన బెన్ సీరా యైతే, వైద్యుని గౌరవింపుమనియు, మందులను భూమినుండి పుట్టించినవాడు దేవుడేగాన తెలివిగలవాడు వానిని రోయడనియు నొక యధ్యాయమే వ్రాసెను. కతోలికులు ఆ గ్రంథమును శాస్త్రములో జేర్చిరి, ప్రొటెస్టంటులు చేర్చలేదు; ఆ కాలపు భక్తుని మనస్సు తెలిసికొనుటకు ఆ భేదము మన కడ్డు రాదు.

ఈ వాదము పుస్తకములలోనే నిలిచియుండినచో నేనింత శ్రమపడను. 1721లో అమెరికాలోని బోస్టను నగరమున మశూచికము చెలరేగెను. కాటన్ మాథర్ అను మతాచార్యుడు, తన యింట దాస్యములో నున్న ఒనెసిమస్ అను ఆఫ్రికావాని నోట, ఆ దేశమున మశూచికపు రసమును చర్మములో నెక్కించి రోగమును దేలికపరచెడి పద్ధతిని విని యుండెను. అతని ప్రోద్బలమున బాయిల్‌స్టన్ అను వైద్యుడు తన కుమారునితో మొదలిడి యా పని చేసెను. నగరమంతయు భగ్గుమనెను. దేవుని చేతిలోని పనిని మనుష్యుడు లాగికొనుచున్నాడని యొక యాక్షేపణ. ఆ నవంబరులో మాథర్ ఇంటి కిటికీలోనుండి ఎవరో మందుగుండు విసరిరి; అదృష్టవశమున నది పేలలేదు. ఆ యేట సహజముగా రోగము సోకినవారు ఇంచుమించు ఆఱువేలు, మొత్తము చచ్చినవారు 844 మంది. బాయిల్‌స్టను రసమెక్కించిన రెండువందల నలువదిమందికి బైగా నున్నవారిలో చచ్చినవారు ఆఱుగురు. మరుసటి యేట లండనులో ఎడ్మండ్ మాసీ అను మతగురువు ఈ చికిత్సకు విరోధముగా నుపదేశించుచు యోబు గ్రంథమునే చేతబట్టెను; యోబునకు బుండ్లు పుట్టించిన సాతానే మొదట ఈ పద్ధతిని ప్రయోగించియుండునని యూహించెను. యోబు గ్రంథముతో నెంతటి యన్యాయము చేయవచ్చునో బిల్దదు తరువాత నీతడు చూపినాడు.

రసమెక్కించుట అపాయము లేని పని యని నేను చెప్పను. జోనతన్ ఎడ్వర్డ్సు అమెరికాలో దైవసార్వభౌమత్వమును అందఱికంటె గట్టిగా బోధించిన వేదాంతి. అతడు 1758లో ప్రిన్స్‌టను కళాశాలకు అధ్యక్షుడై వచ్చిన కొలదివారములకే, ఊర మశూచికమున్నదని తెలిసి రసమెక్కించుకొని, దానివలననే మార్చి 22వ తేదీన మరణించెను. వయస్సు 54 ఏండ్లు. ఇది ప్రతిపక్షులకు బలమని కొందఱనుకొందురు. నేనట్లనుకొనను. ప్రతి ప్రాణమును దేవుని చేతిలోనిదని జీవితమంతయు బోధించినవాడు చేయి చాచి చికిత్స చేయించుకొనెను. తన సిద్ధాంతమునకు గల యర్థము మాసీకంటె నతనికే బాగుగ దెలియును.

1847వ సంవత్సరము నా మనస్సులో బలుమాఱు మెదలుచుండును. ఆ యేట ఒకే గ్రంథమును జదివిన ముగ్గురు మూడు పనులు చేసిరి. ఎడింబరోలో సింసన్ అను వైద్యుడు ప్రసవవేదనకు క్లోరోఫారమును వాడి, నొప్పి దైవశాసనమనువారికి సమాధానముగా నొక చిన్నపుస్తకము వ్రాసి, ఆదాము ప్రక్కటెముక తీయునపుడు దేవుడే యతనికి గాఢనిద్ర కలిగించెనుగదా యని చూపెను. లండనులో ట్రెవెల్యన్ అను దొర ఐర్లండు క్షామనివారణమును నడుపుచుండెను. ఆ వేసవిలో అంబలికేంద్రములు దినమునకు ముప్పదిలక్షల జనులకు గూడు పెట్టుచుండగా, శరత్కాలమునకు వానిని మూసివేసి, భారమును ఆ దరిద్రదేశపు పన్నులమీదనే త్రోసిరి. మరుసటి యేట నా దొర తన పుస్తకములో క్షామమును సర్వజ్ఞుడును దయాళువునగు దైవము చేతిపనిగా వర్ణించెను. క్షామము ముగియునప్పటికి చచ్చినవారు ఇంచుమించు పదిలక్షలు. దైవనిర్ణయమే యైనచో, వేసవిలో అంబలికి లొంగిన దైవము శీతకాలమున నేల లొంగలేదు?

మూడవవాడు మనవారెఱిగిన కాటన్ దొర. అతడును భక్తుడే. నందన సంవత్సరపు కరవులో, అనగా 1832–33లో, గుంటూరు సీమయందు ఐదులక్షల జనములో లక్షన్నరకు దక్కువగాక సమసిరి. దానిని దైవచిత్తమని వ్రాసి కాగితము మడిచిపెట్టుట కెవరి యడ్డును లేదు. కాటన్ దొర మాత్రము 1847లో ధవళేశ్వరమువద్ద గోదావరికి అడ్డముగా రాళ్లు పోయించ మొదలిడి 1852కు ముగించెను. కంపెనీవారు శిస్తు పెరుగునని సెలవిచ్చిరి, అది వేఱుమాట. 1859లో ఆ ట్రెవెల్యన్ దొరయే చెన్నపురికి గవర్నరై వచ్చునప్పటికి మన కాలువలలో నీరు ఏడేండ్లుగా బాఱుచుండెను. ఐర్లండులో తాను దేవునికి వదలిపెట్టిన పనిని ఇక్కడ మఱియొక భక్తుడు దేవునికొఱకే చేసెనని ఆ దొరకు దోచెనో లేదో!

ఇట్టి పాడువాదమునకు దావిచ్చు గ్రంథమునే యవతల బాఱవేయరాదా యని కొందఱు సంస్కర్త లందురు. పాఱవేసినంతమాత్రమున వాదము పోదు. అది గ్రహచారమను పేరుతోనో, కర్మయను పేరుతోనో, అంకెల లెక్కయను పేరుతోనో వెనుకవాకిట వచ్చును. పైగా ఆ గ్రంథముననే దానికి విఱుగుడుండగా బాఱవేయుట యేల?

ఆ విఱుగుడులలో నొకటి చెప్పకుండ ముగింపజాలను. ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయమున నొక వింతయైన విధి కలదు. పొలములో నొక శవము కనబడినది, చంపినవాడెవడో తెలియదు. అప్పుడు పెద్దలును న్యాయాధిపతులును వచ్చి, శవమునుండి చుట్టుప్రక్కల యూళ్లకు దూరము కొలువవలయును. ఏ యూరు దగ్గఱయో ఆ యూరి పెద్దలు కాడి మోయని పెయ్యను దెచ్చి, దున్నని లోయలో దాని మెడ విఱుగదీసి, దానిమీద చేతులు గడుగుకొని, ఈ రక్తమును మా చేతులు చిందింపలేదు, మా కన్నులు చూడలేదని ప్రమాణము చేయవలయును. ఊరి పెద్దలు హంతకులని యెవరైన ననుకొందురా, ఈ ప్రమాణమెందులకని మిష్నాలోని పండితులు ప్రశ్నించిరి. వారే దాని కర్థము చెప్పిరి: ఆ బాటసారి మా యూరికి రాగా మేము కూడు పెట్టక పంపలేదు, తోడు లేకుండ నొంటరిగా విడువలేదు అని. ప్రమాణము చేయలేని యూరి గతి యేమో మిష్నా చెప్పలేదు. కాని పెద్దలు కొలత త్రాడు పట్టుకొని ఆ పొలములో నడచుచున్నపుడు, వాని కాలము తీరినదని చెప్పి త్రాడు చుట్టివేసి యింటికి బోవుటకు ఆ విధిలో నెక్కడను సెలవు లేదు.